మూత మూస్తే నిద్రపోయినట్టేనా?

దేశం ముందు చాలా సమస్యలున్నాయి. వాటి మీద రాసేవాళ్లూ చాలామందే ఉన్నారు. అందుకని ఎవరూ పట్టించుకోని సమస్య ఒకటి నేను ఎత్తుకుంటున్నాను. మన ల్యాప్‌టాప్‌లకు నిద్ర సరిపోవడం లేదు.

నవ్వకండి. పది గంటల మీటింగుకు తొమ్మిది యాభై ఎనిమిదికి మూత తెరిస్తే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. మొన్న మంగళవారం నేను తెరిచాను. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత నిలువు గీతలు వచ్చాయి, మంగళగిరి చీర దండెం మీద ఆరేసినట్టు. ఆ చీర వెనక నుంచి మా మేనేజరు మొహం తొంగి చూసింది, సగం ఆకుపచ్చ, సగం వంకాయ రంగు. మౌస్ బాణం తిరునాళ్ల రథంలా నడిచింది. అందరూ కలిసి ఒక్క గుంజు గుంజితే జానెడు ముందుకు రావడం, మళ్లీ ఆగిపోవడం. ‘మీ వీడియో స్టక్ అయింది’ అన్నారు అవతలివాళ్లు. స్టక్ కాలేదు. నేనే ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, కదిలితే ఉన్నది కూడా పోతుందేమోనని.

రాత్రి పదకొండుకు మూత మూశాను. అంటే పదకొండు గంటల నిద్ర. మా ఇంట్లో అంతసేపు పడుకునే హక్కు ఇంకెవరికీ లేదు. అంత పడుకుని లేచిన ప్రాణి ఇలా ఎందుకుంటుంది? దీనికి తోడు ఇంకో జబ్బు కూడా ఉంది. పగలు నేను పని చేసుకుంటుండగానే తెర ఉన్నట్టుండి నల్లబడుతుంది. ఏదో ఒక బటన్ నొక్కితే లేస్తుంది, లేచి కెమెరాతో నా మొహంలోకి చూస్తుంది, గుర్తుపట్టలేకపోతున్నానంటుంది. మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్ర నుంచి లేచి, ఎదురుగా ఉన్న లక్ష్మణుణ్ణి పోల్చుకోలేక, ఎవడివయ్యా నువ్వు, పరాయి ఇంట్లో నీకేం పని అని దులిపేస్తుంది. పద్నాలుగేళ్ల తర్వాత అంటే అర్థం చేసుకోవచ్చు. ఇది పద్నాలుగు సెకన్ల తర్వాత అడుగుతోంది.

ఈ పరిస్థితుల్లో సహజంగానే బీపీ పెరుగుతుంది. నాకు మాత్ర వేసుకోమని డాక్టరు, కంకణం పెట్టుకోమని మా మామగారు చెప్పారు. ఆయనకు ఇద్దరి మాటా వినే అల్లుడంటే ఇష్టం. కంకణం రాగిది, లోపల ఏవో పొదిగి ఉన్నాయి. ఎడమ చేతికి పెట్టుకుంటే రక్తం దారిలో పడుతుందట. పెట్టుకున్నాను. అది వేరే కథ.

మన దేశంలో కంప్యూటరు పాడైందని ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే. ‘రీస్టార్ట్ చేశారా?’ అడిగేవాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరైనా, అపార్ట్‌మెంట్ వాచ్‌మనైనా ప్రశ్న మారదు. జ్వరానికి పారాసిటమాల్‌లాగా. నాకు ఈ ప్రశ్న వింటే ఒళ్లు మండేది. ప్రతి శనివారం రాత్రీ నియమంగా షట్‌డౌన్ చేసేవాణ్ణి నేను. శనివారం వ్రతం లాంటిది మా ఇంట్లో. అలాంటిది నన్ను పట్టుకుని రీస్టార్ట్ చేశావా అంటారా?

ఆ కోపంలోనే ఒకరోజు, యంత్రంలో ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద ‘అప్ టైమ్’ అన్న అంకె చూశాను. ఈ యంత్రం ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందో చెప్పే లెక్క అది. 23 రోజులు. మధ్యలో మూడు శనివారాలు నేను చేసిన షట్‌డౌన్లు ఏమయ్యాయి? ఎవరు తీసుకున్నారు వాటిని?

విచారిస్తే తేలిందేమిటంటే, 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి షట్‌డౌన్ అంటే షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటు పెట్టారు. మీరు ఆపేయమంటే అది మీ ప్రోగ్రాములన్నీ మూసేసి, తన లోపలి ప్రాణాన్ని, అంటే విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌నీ, తెర, వైఫై లాంటి భాగాల్ని నడిపే డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములనీ, ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీద మూటగట్టి దాచుకుంటుంది. మర్నాడు ఆ మూట విప్పుకుని కూర్చుంటుంది. త్వరగా లేచిందని మనం మురిసిపోతాం. నిన్నటి డ్రైవరుకు మతి చలించి ఉంటే, ఆ చలించిన మతి కూడా భద్రంగా మూటలోంచి బయటికొస్తుంది. తెలుగువాళ్లెవరో కూర్చుని రాసి ఉంటారు దీన్ని. మనం కూడా ఎవరింటి నుంచి బయల్దేరినా ‘వెళ్తా’ అనం కదా, అది అశుభం. ‘వెళ్లొస్తా’ అంటాం. ఆ బటన్ మీద కూడా అదే రాయాల్సింది.

రీస్టార్ట్ కొడితే మాత్రం మూట కట్టదు. అంతా వదిలేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఏదో బాగుచేయడానికే ఆ బటన్ నొక్కుతాడని వాళ్ల ఉద్దేశం. అంటే వాచ్‌మన్ అడిగిన ప్రశ్నే సరైనది, నా శనివారం వ్రతమే దండగ. షట్‌డౌన్ నిజంగా కావాలంటే షిఫ్ట్ బటన్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలట. లేదా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లకు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే పేజీలో ఆ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయాలి. ఆఫీసులో ఫైలు కదలాలంటే ఏ కిటికీ దగ్గరికెళ్లాలో తెలిసినవాడికి కదులుతుంది. ఇదీ అంతే.

ఆ మెనూలో ఒక బటన్ అబద్ధమాడుతోందని తెలిశాక, దాని పక్కనున్న స్లీప్ మీద అనుమానం రావడం న్యాయమే కదా.

ఒకప్పుడు నిద్రకు చట్టం ఉండేది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ఒప్పందం రాశాయి. అందులో కంప్యూటరు మెలకువకూ మరణానికీ మధ్య మెట్లు కట్టారు. ఎస్0 అంటే పూర్తి మెలకువ. ఎస్5 అంటే ఆపేసినట్టు. మధ్యలో ఎస్3 అనే మెట్టు ఉంది చూడండి, అది అసలైన నిద్ర. మెమరీకి మాత్రం కాస్త కరెంటు ఇచ్చి మిగతావన్నీ ఆర్పేస్తారు. ఇంట్లో అందరూ పడుకున్నాక దేవుడి గదిలో చిన్న దీపం ఒక్కటే వెలుగుతున్నట్టు. దాని కింద ఎస్4, అంటే హైబర్నేట్. ఆ దీపం కూడా ఉండదు. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి, కరెంటు పూర్తిగా వదిలేయడం. అన్నీ చక్కగా ఉండేవి. లేవడానికి కొన్ని సెకన్లు పట్టేది, మనం కూడా ఆలోగా ఓ గుక్క కాఫీ తాగేవాళ్లం.

ఇంతలో సెల్‌ఫోన్లు వచ్చాయి. ఫోను నిద్రపోదు, ముట్టుకుంటే చాలు లేచి కూర్చుంటుంది. పక్కింటి పిల్లాణ్ణి చూపించి మన పిల్లాణ్ణి తిట్టినట్టు, ఫోన్లను చూపించి ల్యాప్‌టాప్‌ను తిట్టడం మొదలుపెట్టాం. తిట్లు పడలేక 2012లో కనెక్టెడ్ స్టాండ్‌బై, 2015లో విండోస్ 10తో మోడర్న్ స్టాండ్‌బై తెచ్చారు. దీని మెట్టు పేరేమిటో తెలుసా? ఎస్0. మెలకువ మెట్టే! దానికి ‘తక్కువ కరెంటు’ అని తోక తగిలించారు. తెర ఆరిపోతుంది, పనులు మాత్రం నడుస్తాయి. ఈమధ్య వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్3 ఇవ్వడమే మానేశారు. మీ ఇంటి యంత్రం సంగతి తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కాస్త ఖాళీ ఇచ్చి, స్లాష్ ఏ కొట్టండి. దానికి ఏయే నిద్రలు వచ్చో, ఏవి రావో చెప్పేస్తుంది. మాది ఎస్3 రాదని చెప్పింది, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

విష్ణుమూర్తి తొలి ఏకాదశినాడు యోగనిద్రలోకి వెళ్లి కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడు. ఆ నాలుగు నెలలూ ఆయన కళ్లు మూసుకున్నా లోకం సంగతి ఆయనకు తెలుస్తూనే ఉంటుంది. మోడర్న్ స్టాండ్‌బై కూడా అలాంటిదేనని కంపెనీల భావన. చిక్కేమిటంటే ఆయన పాలసముద్రం మీద చల్లగా పడుకుంటాడు. మన ల్యాప్‌టాప్ పడుకునేది జిప్పు వేసిన సంచీలో, టిఫిన్ బాక్సు పక్కన. ఒకరోజు మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేసరికి నా వీపు కాలింది. సంచీలో చెయ్యి పెడితే ఇడ్లీపాత్ర మూత ముట్టుకున్నట్టుంది. లోపల ఏ అప్‌డేటో దించుకుంటూ, ఏ మెయిలో లాక్కుంటూ, గాలి ఆడక ఉడికిపోతోంది. ఆఫీసులో తెరిస్తే బ్యాటరీ 9 శాతం, తెర మీద మంగళగిరి చీర. నేను బట్టలు ఇస్త్రీ చేయించుకోవడం మానేసి సంచీలో పెట్టుకుని పోతే సరిపోతుందని మా ఆవిడ సలహా.

రాత్రంతా ఏం చేశావని దాన్ని నిలదీయొచ్చు. అదే కమాండుకు స్లాష్ ఏ బదులు స్లాష్ స్లీప్‌స్టడీ అని తగిలిస్తే నివేదిక ఒకటి రాసిస్తుంది. ఏ నిద్రలో ఎంత బ్యాటరీ కరిగింది, వైఫై కార్డా, ఇంకేదైనానా, ఎవరు దాన్ని పడుకోనివ్వలేదు అన్నది అందులో ఉంటుంది. చదివితే ఉమ్మడి కుటుంబంలో కొత్తకోడలి డైరీ చదివినట్టుంటుంది.

ఇక గీతల సంగతి. పాపం తెరను తిడతాం గానీ చాలాసార్లు తప్పు దానిది కాదు. తెర మీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటే, నిద్రలో కరెంటు తీసేసినప్పుడు అందులోని బొమ్మలన్నీ పోతాయి. పోకముందే డ్రైవర్ వాటిని మోసుకెళ్లి మెయిన్ మెమరీలో దాచి, లేవగానే మళ్లీ తెచ్చి సర్దాలి. ఇల్లు మారే లారీలాంటి పని. దారిలో ఏదో జారిపోతుంది, ఏదో తలకిందులవుతుంది, పూజగది పటం వంటింట్లో తేలుతుంది. విండోస్‌కు బదులు కొందరు వాడే లినక్స్‌లో నిద్ర తర్వాత బొమ్మలు చెదిరే అవకాశం ఉందని గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా తన డ్రైవర్ పత్రాల్లోనే రాసిపెట్టింది, మెమరీ మొత్తం దాచుకునే సెట్టింగ్ ఒకటి ఇచ్చింది కూడా. ‘విండోస్ వదిలేసి లినక్స్ పెట్టుకో మామయ్యా’ అని నాలుగేళ్లుగా నన్ను తింటున్న మా మేనల్లుడి ల్యాప్‌టాప్ ఒకసారి నా ఎదుటే నిద్రలేచింది. ఐకాన్లన్నీ రంగుల బూందీ. ‘అది సెట్టింగ్ మార్చాలి’ అన్నాడు. అందరం అదే కదరా అంటున్నది!

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇంకో నాటకం ఉంది. ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అంటారు. తెర మీద బొమ్మ కదలకుండా ఉంటే, ఆ బొమ్మను తెరే గుర్తుపెట్టుకుని చూపిస్తూ ఉంటుంది, ఆ కాస్సేపు గ్రాఫిక్స్ చిప్ కునుకు తీస్తుంది. కుర్చీకి తువ్వాలు వేసి, టేబుల్ మీద కళ్లజోడు పెట్టి క్యాంటీన్‌కు వెళ్లే గుమాస్తాను చూశారుగా? చూసేవాళ్లకు సీట్లో ఉన్నట్టే. ఆయన తిరిగొచ్చి కూర్చునే క్షణానికీ తువ్వాలు తీసే క్షణానికీ పొంతన కుదరకపోతే తెర మిటకరిస్తుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో పవర్ పేజీలో దీన్ని ఆపే మీట ఉంటే ఆపి చూడండి. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. గుమాస్తా సీట్లో ఉంటే కరెంటు కాలదా మరి?

వీటికన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దీనికి మైక్రోసాఫ్ట్ ముద్ర కూడా ఉంది. తెర మిటకరిస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరవండి. అది కూడా అందరితో పాటు మిటకరిస్తే తప్పు డిస్‌ప్లే డ్రైవర్‌ది. అదొక్కటీ స్థిరంగా ఉండి మిగతావి వణుకుతుంటే తప్పు ఏదో ప్రోగ్రాముది. ఇంట్లో పెద్దాయన కూడా గొడవలో దిగాడా లేదా అన్నదాన్ని బట్టి గొడవ స్థాయి తెలుస్తుంది కదా, అలాగన్నమాట. రెండో పరీక్ష, హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలించడం. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉండి, ల్యాప్‌టాప్ మూతను ముందుకీ వెనక్కీ వంచినప్పుడల్లా గీతలు పెరుగుతూ తరుగుతూ ఉంటే నిద్రను ఆడిపోసుకోవద్దు. మడత దగ్గర నలిగిన కేబుల్ అది. మాకు తెలిసినవాళ్లింట్లో మూత సరిగ్గా ఒకే కోణంలో నిలబడేలా వెనక నిరుటి పంచాంగం ఆనించి రెండేళ్లు నడిపారు.

డ్రైవర్ మొండికేసినప్పుడు దాన్ని ఒక్కదాన్నే లేపే మంత్రం కూడా ఉంది. నిజానికి గ్రాఫిక్స్ 2 సెకన్లలోపు పలకకపోతే విండోస్ తనే దాన్ని దులిపి మళ్లీ నిలబెడుతుంది, విస్టా కాలం నుంచీ ఉన్న పద్ధతే. రెండంటే రెండు సెకన్లు! ఈ కాలపరిమితి మన రిజిస్ట్రార్ ఆఫీసులకు పెట్టాలని నా మనవి. అది జరగకపోతే మనమే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి, నాలుగూ ఒకేసారి నొక్కాలి. తెర ఒక్క క్షణం నల్లబడి, చిన్న కూత పెట్టి, తేటగా తిరిగొస్తుంది. తెరిచి ఉన్న ఫైళ్లు సాధారణంగా ఎక్కడివక్కడే ఉంటాయి. మా మేనల్లుడు నొక్కి చూపించాడు, అచ్చంగా అలాగే జరిగింది. నేను ఎడమ చేత్తో మూడూ, కుడి చేత్తో ఒకటీ నొక్కాను. తెర నల్లబడింది. నల్లగానే ఉండిపోయింది. ‘నీ చేతిలో ఏదో ఉంది మామయ్యా’ అన్నాడు వాడు. వాడు ఎంత నిజం చెప్పాడో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

ఇక యంత్రం నెమ్మదించే సంగతికి వద్దాం. లేచిన మొదటి పది నిమిషాలు ఏ ల్యాప్‌టాప్ అయినా సంక్రాంతి ముందురోజు బస్టాండే. యాంటీవైరస్‌కు ముందు ఎక్కాలి, క్లౌడ్‌లో ఫైళ్లు కలిపేవాడికి ముందు ఎక్కాలి, అప్‌డేటు కిటికీలోంచి రుమాలు వేస్తుంది. ఉన్నది 8 జీబీల మెమరీ, దాంట్లో బ్రౌజర్ 46 ట్యాబ్‌లతో సకుటుంబంగా ముందే కూర్చుని ఉంది. ఆ 46లో నేను చదవబోయేవి రెండు, మిగతావి ఎప్పుడో చదవాలనుకున్నవి. ఇది మన స్వయంకృతం, దీనికి కంపెనీని అనకూడదు.

కానీ పది నిమిషాలు దాటి అరగంటైనా తేరుకోకపోతే, ‘టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ ఎంతుందో చూడు’ అన్నాడు మేనల్లుడు ఫోనులో. 0.39 గిగాహెర్ట్జ్ ఉంది. పెట్టె మీద 2.4 అని రాసిచ్చారు. ఆరు ఎడ్లకు డబ్బు కట్టించుకుని ఒక ఎద్దును పంపారన్నమాట. ప్రాసెసర్‌కు ‘వేడెక్కావు, తగ్గు’ అని కబురందించే తీగ ఒకటి ఉంటుంది, ప్రోక్‌హాట్ అంటారు. వేడి ప్రాసెసర్‌లోనే ఉండాలని లేదు, బోర్డు మీద ఇంకెవరైనా కూడా ఆ తీగ లాగొచ్చు. నిద్ర నుంచి లేచినప్పుడు చార్జర్‌ను పోల్చుకోలేకపోయినా కొన్ని యంత్రాల్లో ఆ తీగ లాగిందే లాగినట్టు ఉండిపోతుంది. ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, అయినా ఎవరో చెప్పారు కదా అని తగ్గే ఉంటుంది. మాటకు కట్టుబడే లక్షణం మంచిదే గానీ, మరీ ఇంతా? చార్జర్ ఊడబీకి మళ్లీ పెట్టడం, అదీ పలకకపోతే ఆపేసి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం పైన నొక్కి పట్టుకోవడం దీనికి విరుగుడు. నాకు పలికింది. ఆ అర నిమిషంలో దాని గొంతు పిసుకుతున్న తృప్తి అదనం.

ఇన్ని చేసినా పగటి పూట ఉన్నట్టుండి నల్లబడే జబ్బు మాత్రం పోలేదు. సర్వీస్ సెంటరుకు పోయాను, ఏదో ఒకటి, పేరెందుకు. ఏసీ గదిలో టోకెన్ ఇచ్చి, మూడు రోజులు ఉంచుకుని, మదర్‌బోర్డు మార్చాలని, 38 వేలవుతుందని చెప్పారు. వాళ్ల దగ్గర మూడు రోజుల్లో ఒక్కసారైనా నల్లబడిందా అని అడిగాను. లేదట. మరి మదర్‌బోర్డు ఎందుకు? ‘మీకు ప్రాబ్లం వస్తోందన్నారు కదా సార్’ అన్నాడు ఆ అబ్బాయి. కస్టమరు మాట మీద అంత నమ్మకం ఉన్న సంస్థను నేను ఇంతవరకు చూడలేదు.

అప్పుడు మేనల్లుడు ఇంటికొచ్చి ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. యంత్రం రాసుకునే దినచర్య అది. కెర్నల్-పవర్ పేరుతో 506 అని ఉంటే నిద్రలోకి వెళ్లినట్టు, 507 అని ఉంటే లేచినట్టు. కాసేపు లెక్కపెట్టి, నావైపు చాలా జాలిగా చూశాడు.

‘మామయ్యా, మంగళవారం ఒక్కరోజే నువ్వు మూత 61 సార్లు మూశావు.’

‘నాకేమన్నా పిచ్చా?’

‘నేననలేదు. కారణం దగ్గర ఇదే రాసింది, లిడ్ అని.’

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ‘ఏమండీ, ఒక్క మాట చెప్పండి, కోపంలో దాని మూత గానీ దబదబా మూస్తున్నారా?’ అంది, ఆస్పత్రిలో అడిగినట్టు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నన్ను ఎన్నో అంది గానీ, ఇలా మెత్తగా ఎప్పుడూ అడగలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

మర్నాడు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీకి వెళ్లాను. కంప్యూటర్ రిపేరు తెలిసినవాళ్లందరూ చివరికి చేరే చోటు. మూడు అడుగుల వెడల్పున్న దుకాణంలో ఒకతను స్టూలు మీద కూర్చుని, నా కథంతా విన్నాడు. ల్యాప్‌టాప్ విప్పలేదు. నన్నే టైపు చేయమన్నాడు. చేశాను. తెర నల్లబడింది.

‘ముందుగాల ఆ కడెం తీయుండ్రి సార్’ అన్నాడు.

తీశాను. అతను దాన్ని కీబోర్డు కింద ఎడమవైపు, మనం అరచేయి ఆనించే చోట, నెమ్మదిగా దువ్వాడు. తెర ఆరింది. దూరం జరిపాడు, ఒక కీ నొక్కాడు, వెలిగింది. మళ్లీ దువ్వాడు, ఆరింది. పక్క దుకాణం వాళ్లు కూడా వచ్చి చూశారు.

మూత మూసిందో లేదో ల్యాప్‌టాప్ కళ్లతో చూసుకోదు. మూతలో చిన్న అయస్కాంతం, కింద దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. అయస్కాంతం దగ్గరికొస్తే మూత పడిందనుకుంటుంది. మామగారి కంకణంలో బీపీ కోసం పొదిగినవి అయస్కాంతాలు. నేను ‘ఎ’ కొట్టబోయినా, షిఫ్ట్ నొక్కబోయినా, పాపం ఆ యంత్రానికి రాత్రయిపోయింది. మంగళవారం 61 రాత్రులు, 61 ఉదయాలు. ప్రతి ఉదయం గ్రాఫిక్స్ లారీ సామాను ఎత్తడం, దించడం. ఎంత గట్టి డ్రైవర్‌కైనా మతి చలించదా?

‘మరి రాత్రి పదకొండు గంటలు పడుకుని లేచినా గీతలు వస్తున్నాయి కదా?’ అన్నాను. ఓటమిని ఒకేసారి ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

‘గది పండుకుంటే గద సార్! మీరు మూతేస్తే కండ్లు మూసుకుంటున్నదంతే’ అన్నాడతను. 1996 నుంచి ఇప్పటిదాకా నేను చదివిందంతా ఒక్క ముక్కలో. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టాడు, ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేశాడు, విండోస్ తనంతట తను వేసుకున్న డిస్‌ప్లే డ్రైవర్ తీసి ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చింది వేశాడు. మూడు వందలు తీసుకున్నాడు. గొట్టంతో ఫ్యాను దుమ్ము ఊదినందుకు వేరే యాభై.

ఈ హైబర్నేట్ అన్నది చూశారా, నిజంగా పడుకునే నిద్ర ఇదొక్కటే ఇప్పుడు మాకు మిగిలింది. పవర్ మెనూలో వెతకండి, మామూలుగా కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి దిగి, ‘ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చు’ అన్న గీత నొక్కి, టిక్కు పెడితేనే బయటికొస్తుంది. నిద్రపోని స్లీప్‌కు ముందు వరసలో కుర్చీ, ఆగని షట్‌డౌన్‌కు పక్క కుర్చీ, చెప్పింది చేసేవాడు మాత్రం పరదా చాటున. ఇంత చదివాక నాకు కంపెనీల మీద కోపం కూడా పోయింది. సభలు ఎలా జరపాలో వాళ్లూ ఎక్కడో చూసే ఉంటారు. పేర్లన్నా మార్చమని మాత్రం అడుగుతున్నాను. స్లీప్‌ను ‘కోడికునుకు’ అనండి. షట్‌డౌన్ మీద ‘వెళ్లొస్తా’ అని రాయండి. రీస్టార్ట్‌ను ముట్టుకోవద్దు, అది బంగారం.

ఇప్పుడు మా ల్యాప్‌టాప్ మూత మూస్తే పడుకుంటోంది. లేవడానికి ఇరవై సెకన్లు పడుతోంది. మొదటి రెండు రోజులు ఆ ఇరవై సెకన్లు చాలా కష్టంగా గడిచాయి, ఏం చేయాలో తోచక. మేనేజరు మొహం మామూలు రంగులోకి వచ్చింది. పాత రంగే నయమనిపించింది.

కంకణం ఫ్రిజ్ తలుపు మీద పాల లెక్క చీటీని పట్టుకుని ఉంది. గట్టిగానే పట్టుకుంది. ఆదివారం మామగారు వస్తున్నారు. ఆయన ఉన్నంతసేపూ కంకణం నా చేతికే ఉండాలని మా ఆవిడ ముందే చెప్పింది. ఆయన వచ్చేది ఉదయం తొమ్మిదికి, వెళ్లేది బుధవారం. మంగళవారం పది గంటలకు మీటింగుంది.